అసలు చీర పంపినా నష్టమెందుకు? గద్వాల నేత ఆన్‌లైన్ అమ్మకంలో వర్తకులు గమనించవలసిన విషయాలు

కోడేరు: వేరుశనగ రాసి వద్ద బేరం ఎట్లా జరిగేదీ ఈ ప్రాంతపు వర్తకులకు చెప్పనక్కర లేదు. కొనేవాడు రాసిలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. వొలిచి గింజ చూస్తాడు, తేమ చూస్తాడు, మట్టి చూస్తాడు. పేచీ ఏదైనా వుంటే కాటాకు ముందే. కాటా పడి తక్‌పట్టీ వ్రాసిన తరువాత సరుకు వెనక్కు రావటం అరుదు. ఆన్‌లైన్ వ్యాపారంలో ఈ వరుస తలక్రిందులుగా వుంటుంది. అక్కడ కొనేవారు బొమ్మ చూచి డబ్బు కడతారు. సరుకు చేతికందిన తరువాతనే పరీక్ష, పేచీ, వాపసు అన్నీ మొదలవుతాయి. చవక సరుకులో ఈ తేడాను ఎట్లాగో సర్దుకోవచ్చు. "అసలు" అనే మాట మీదనే ధర పలికే ఖరీదైన సరుకులో సర్దుబాటుకు అంత వీలు లేదు.

ఈ మూడు జిల్లాలలో అట్టి సరుకు ఏదని అడిగితే ముందుగా చెప్పవలసినది గద్వాల చీర. గద్వాల పట్టణంలోనే గాక రాజోలి, అయిజలలోను, వనపర్తి జిల్లాలోని అమరచింత, కొత్తకోటలలోను మగ్గాలున్నవి. మాస్టర్ వీవర్ల వద్ద చీరలు తెచ్చి, ఫోనులో ఫోటోలు తీసి, ఆన్‌లైన్ కంపెనీల అంగడిలో పెట్టి అమ్మటానికి కోడేరు వంటి మండల కేంద్రంలోని వస్త్ర వర్తకునికి నేడు అడ్డేమీ లేదు. పట్నంలో దుకాణం అక్కర లేదు. కొరియరు మనిషి యింటికే వచ్చి పొట్లం తీసుకుపోతాడు. ప్రవేశం యింత సులభమైనందువల్లనే లెక్క ముందుగా చూచుకొనవలసి వున్నది.

నేతలో తేడా, బొమ్మలో తేడా

సంప్రదాయపు గద్వాల చీరకు బాడీ నూలు. అంచులు, కొంగు పట్టు, జరీ. బాడీకి ఒక నాడె, రెండంచులకు చెరొక నాడె నడుస్తాయి. బాడీ పేక, అంచు పేక కలిసే చోట ఒకదానినొకటి మెలివేసుకొని పోతాయి. దీనినే కుప్పడం అంటారు. అందువల్లనే బాడీ రంగు అంచులోకి ప్రాకదు. ఎర్ర అంచు ఎర్రగానే, పచ్చ అంచు పచ్చగానే వుంటుంది. పవర్‌లూమ్ మీద ఒకే పేక ఈ చివరి నుంచి ఆ చివరకు పోతే అంచులో బాడీ రంగు కలిసి ఛాయ మారుతుంది. చీర తిరగవేసి, అతుకు వెంట వేలు పోనిస్తే అనుభవం వున్న వర్తకునికి క్షణంలో తెలుస్తుంది.

ఫోనులో ఫోటోకు వెనుక వైపు వుండదు. ఒకే రకం బొమ్మ, "గద్వాల" అనే ఒకే పేరు, ఎంతో తక్కువ ధర; ఇట్టి సరుకు అసలు చీర పక్కనే కనపడుతుంది. ఒక్కొక్కప్పుడు అసలు చీరకు తీయించిన ఫోటోనే ఎత్తి నకలు చీరకు పెట్టుకుంటారు. అది నమ్మి ఒకసారి మోసపోయిన గృహిణి మరుసటిసారి అసలు చీర వచ్చినా అనుమానంతోనే విప్పుతుంది. ఆ అనుమానానికి అయ్యే ఖర్చు అసలు సరుకు వర్తకుని ఖాతాలోనే పడుతుంది.

తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం పక్షాన ఏటా సమర్పించే ఏరువాడ పంచెలకు లేబులు అక్కర లేదు. నేసిన మగ్గం, పంపిన సంస్థానం, అందుకొన్న దేవస్థానం అందరికీ తెలిసినవే. ఎవరో తెలియని వారికి, ఎన్నడూ చూడని ఊరికి పంపే చీర సంగతి అది కాదు. అక్కడ ముద్రలు కావలసి వస్తున్నవి.

ఏ ముద్ర దేనికి పూచీ

ముద్ర వున్నది గదా అని ధైర్యపడే ముందు అది దేనికి పూచీ పడుతున్నదో తెలుసుకోవాలి. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో వున్నది. గద్వాల చీర ఆ చట్టం క్రింద నమోదయింది. ఈ గుర్తింపు చీర పుట్టిన ప్రాంతాన్ని, అక్కడి నేత పద్ధతిని గురించి చెబుతుంది. కేంద్ర పట్టు మండలి 2004లో ప్రవేశపెట్టిన సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛతను గురించి చెబుతుంది. చేతి మగ్గమా, మర మగ్గమా అనే ప్రసక్తి దానికి లేదు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేనేత అని చెబుతుంది. ఏ ఊరి చేనేత అన్నది దాని పని కాదు. జరీలో వెండి ఎంత, బంగారం పూత వున్నదా లేదా అన్నది ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. వర్తకుడు "బంగారు జరీ" అని వ్రాసి, లోపల హాఫ్‌ఫైన్ జరీ వుంటే మూడు ముద్రలున్నా ఆ మాట అబద్ధమే అవుతుంది.

నేతగాడు కాని వర్తకునికి "గద్వాల" అనే పేరు వాడే హక్కు వున్నదా అనే అనుమానం కొందరికి కలుగుతున్నది. చట్టం ప్రకారం ఆ పేరును తన సరుకుపై వాడే హక్కు నమోదైన అధీకృత వినియోగదారులది. ఆ నమోదు పదేళ్ళకొకసారి పునరుద్ధరించుకొనవలసినది. అయితే అట్టి వారి వద్ద సక్రమంగా కొన్న సరుకును మరొకరు తిరిగి అమ్ముకొనటం ఉల్లంఘన కాదని 22వ సెక్షన్‌లోనే వున్నది; సరుకు స్థితి చెడిపోయి వుండరాదు, అంతే. కాబట్టి కొనుగోలు బిల్లు ప్రాణం వంటిది. మాస్టర్ వీవరు వద్ద చిట్టీ మీద లెక్క వ్రాయించుకొని, రొక్కమిచ్చి చీరలు తెచ్చుకొనే అలవాటు ఈ ప్రాంతంలో వున్న వర్తకులు ఆన్‌లైన్‌లోకి దిగేముందు దానిని మానుకొనవలసి వుంటుంది. చీర నంబరు, రంగు, జరీ రకం, అమ్మినవారి పేరు బిల్లులో లేకపోతే రేపు "మీ చీర అసలుదని ఏమి రుజువు?" అని కంపెనీ అడిగినప్పుడు చూపటానికి ఏమీ వుండదు. ఆ జవాబు గడువులో అందకపోతే జాబితా నుంచి చీరను తీసివేస్తారు. ఖాతాయే నిలిపివేయటం కూడా వున్నది.

బరువు ఎవరి నెత్తిన

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద ఈ-కామర్స్ నియమాలు 2020 జులై 23న వెలువడినవి. అందులో రెండు రకాల కంపెనీలను వేరు చేశారు. సొంత సరుకు అమ్మేవి ఒక రకం. ఇతరుల సరుకుకు అంగడి మాత్రమే చూపేవి రెండవ రకం. సొంత సరుకు అమ్మే కంపెనీ తన సరుకు అసలైనదని పూచీ పడితే, ఆ విషయమై వచ్చే వ్యాజ్యంలో బాధ్యత దానిదేనని నియమం స్పష్టంగా చెప్పింది. అంగడి మాత్రమే చూపే కంపెనీల విషయంలో అట్టి మాట లేదు. అమ్మకందారు మాత్రం నకలు, లోపభూయిష్టమైన లేక వర్ణనకు సరిపోలని సరుకును వాపసు తీసుకోనని అనరాదు. ఫిర్యాదులు చూచుటకు ఒక అధికారిని పెట్టుకోవాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. ఒక్క మనిషి నడిపే దుకాణంలో ఆ అధికారీ ఆయనే, గుమాస్తా ఆయనే.

ఈ నియమాలలోనే మరొక విషయం గద్వాల వర్తకులు ప్రత్యేకంగా గమనించదగినది. పదే పదే నకలు సరుకు పెట్టి తొలగింపబడే అమ్మకందారుల వివరాలను కంపెనీ నమోదు చేసి వుంచాలన్నారు. అందుకు పేర్కొన్న చట్టాలు మూడు: కాపీరైటు, ట్రేడ్‌మార్క్, సమాచార సాంకేతిక చట్టాలు. భౌగోళిక గుర్తింపు చట్టం ఆ జాబితాలో లేదు. విదేశీ చేతిసంచి కంపెనీకి ట్రేడ్‌మార్క్ వున్నది కాబట్టి దాని నకలు చేసేవారి పేర్లు ఆ చిట్టాలోకి ఎక్కుతాయి. "గద్వాల" పేరు దొంగిలించేవారిని ఎక్కించవలసిన విధి కంపెనీకి ఈ నియమం వల్ల కలగదు. నేత సంఘాలు, వర్తక సంఘాలు ప్రభుత్వం దృష్టికి తీసుకుపోవలసిన లోపమిది.

విదేశీ విలాస వస్తువుల విషయంలో మన కోర్టుల వద్దకు వచ్చిన వివాదాలు కూడా యిక్కడ పనికి వస్తాయి. ఫ్రెంచి పాదరక్షల తయారీదారు క్రిస్టియన్ లూబుటాన్ వేసిన దావాలో 2018 నవంబరు 2న ఢిల్లీ హైకోర్టు, డార్వేస్ అనే విలాస వస్తువుల ఆన్‌లైన్ అంగడిని అమ్మకందారుల చిరునామాలతో సహా వివరాలన్నీ ప్రకటించమని, సరుకు అసలైనదని వారి వద్ద ధ్రువపత్రం తీసుకోమని ఆదేశించింది. కంపెనీ అమ్మకంలో చురుకుగా పాల్గొంటే మధ్యవర్తికి చట్టమిచ్చే రక్షణ దొరకకపోవచ్చునని కూడా అన్నది. 2020 జనవరి 31న అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం మరొక కేసులో, చురుకైన మధ్యవర్తి, చురుకుకాని మధ్యవర్తి అనే విభజన చట్టంలో లేదన్నది. అమెరికాలో టిఫనీ నగల కంపెనీ ఈబే పై వేసిన దావాలో 2010 ఏప్రిల్ 1న అప్పీలు కోర్టు, నకళ్ళు వున్నవని స్థూలంగా తెలిసివుండటం చాలదని, ఫలానా జాబితా నకలు అని తెలిసినప్పుడే కంపెనీకి బాధ్యత అని తీర్పు చెప్పింది. అంటే కనిపెట్టి చూడవలసిన పని సరుకు సొంతదారుదే. టిఫనీకి ఆ పనికి మనుషులున్నారు. అమరచింత నేతగాడు మగ్గం దిగి ఎవరి ఫోటోలు ఎవరు పెట్టుకున్నారో చూస్తూ కూర్చోలేడు.

ఒక చీర తిరిగి వస్తే

నకళ్ళ పోటీ కన్నా ఎక్కువ దెబ్బ తీసేది వాపసు. అసలు చీర పంపితే, విప్పి చూసేసరికి వెనక్కు వచ్చిన పొట్లంలో పాత చీరో, పవర్‌లూమ్ చీరో వుండటం. కొనేవారు "నాకు నకలు పంపారు" అంటారు. అమ్మేవారు "మీరు మార్చారు" అంటారు. చీర మీద ముద్ర వున్నా అది ఈ పేచీ తేల్చలేదు. ముద్ర పంపిన చీర అసలుదని చెబుతుందే గాని, వచ్చిన చీర పంపిన చీరేనా అన్నది చెప్పదు. లేబులు కత్తిరించి నకలు చీరకు కుట్టి పంపితే అది ఎదురు సాక్ష్యం కూడా అవుతుంది.

దీని లెక్క ఎట్లా వుంటుందో చూద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే. పన్ను మినహా రూ. 12,000 అమ్మకపు ధర గల చీర కొన్న ధర రూ. 9,000 అనుకుందాం. కంపెనీ కమీషను, ఇతర రుసుములు రూ. 1,300, పంపే ఖర్చు, అట్టపెట్టె రూ. 250; ఫోటో, ప్రకటన వాటా రూ. 200; పెట్టుబడిపై వడ్డీ రూ. 150. మిగిలేది రూ. 1,100. చీర మారిపోయి వస్తే కమీషను మొత్తం తిరిగి ఇచ్చారనుకున్నా, పోయేది చీర ఖరీదు 9,000, రానుపోను ఖర్చు 450, మిగతావి 350, వెరసి రూ. 9,800. వచ్చిన పాత చీరకు రూ. 600 కట్టినా నష్టం రూ. 9,200. దీనిని పూడ్చటానికి తొమ్మిది చీరల లాభం కావాలి.

నిజాయితీగా వచ్చే వాపసులు కూడా ఉచితంగా రావు. మడత విప్పిన చీర, ఫాల్ కుట్టి విప్పిన చీర, ఒక పెళ్ళి చూచి వచ్చిన చీర మొదటి ధర పలకదు. ఖర్చులు 800, ధర తగ్గింపు 1,200, మొత్తం రూ. 2,000 నష్టమనుకుందాం. నూరు చీరలు పంపితే 75 నిలిచి, 20 ఈ విధంగా తిరిగి వచ్చి, అయిదు మారిపోయి వస్తే లాభం రూ. 82,500, నష్టం 40,000, 46,000 కలిపి రూ. 86,000. నూరు చీరలు కొని, మడిచి, పంపి, చివరకు రూ. 3,500 చేతి నుంచి పెట్టుకున్నట్లు. అమ్మకాల అంకె చూచి వ్యాపారం బాగున్నదనుకొనే వర్తకునికి ఇది సంవత్సరాంతాన గాని కనపడదు. వాపసుకు వేరే ఖాతా తెరిచి నెలనెలా చూచుకొనేవారికి ముందే తెలుస్తుంది.

విదేశాలలో కొన్ని కంపెనీలు ఈ చిక్కుకు ఒక మార్గం చూచినవి. ఈబే 2020లో ఖరీదైన చేతి గడియారాలకు పరీక్షకుల పద్ధతి పెట్టింది. అమ్మిన గడియారం ముందు నిపుణుని వద్దకు పోయి, పరీక్ష అయిన తరువాత కొనేవారికి పోతుంది. వాపసు వస్తే మళ్ళీ ఆ నిపుణుని ద్వారానే అమ్మినవారికి చేరుతుంది. పంపిన వస్తువే తిరిగి వచ్చిందా లేదా అన్నది మూడో మనిషి తేలుస్తాడు. చీరకు అంత ఖర్చు కిట్టుబాటు కాకపోవచ్చు. గద్వాలలోనే నేత సంఘాలు అట్టి పరీక్షా కేంద్రమొకటి నడిపితే కిట్టుతుందేమో లెక్క వేయదగినదే.

వర్తకుని చేతిలో వున్నవి

అంతవరకు వర్తకుడు తన సాక్ష్యం తానే తయారు చేసుకోవాలి. లేబులు కొంగు మీద తగిలించక, కుప్పడం అతుకు పక్కన పట్టు అంచులోకి, విప్పితే తెగిపోయే దారంతో కుట్టాలి. తెగిన లేబులుతో వాపసు లేదని జాబితాలో ముందే వ్రాయాలి. అయితే ఆ షరతు కంపెనీ నిబంధనలకు లోబడినది, నకలు అనే ఫిర్యాదుకు అది అడ్డు రాదు. ప్రతి చీరకు నంబరు వేసి, బాడీ, అంచు, వెనుక అతుకు మూడింటికీ దగ్గర ఫోటోలు తీయాలి. చేనేతలో ప్రతి చీరకు ఎక్కడో ఒక పోగు తేడా వుంటుంది. కొనేవారికి లోపంగా కనపడే ఆ పోగే చీరకు పుట్టుమచ్చ. దానిని ఫోటో తీసి పెట్టుకొన్న వర్తకునికి, వచ్చిన చీర తనది కాదని చూపటం సులభం.

తూకం ఈ ప్రాంతపు వర్తకులకు అలవాటైన పని. పొట్లాన్ని గ్రాములలో తూచి, తూకం కనపడేటట్లు, చీర పెట్టటం మొదలు సీలు వేసే వరకు ఆపకుండా వీడియో తీయాలి. కొరియరు రశీదులో బరువు నమోదు చేయించాలి. వాపసు పొట్లాన్ని కూడా సీలు విప్పకముందే తూచాలి. నూలు బాడీ గద్వాల చీరకు, కృత్రిమ నూలు చీరకు బరువు ఒకటిగా వుండదు. వీడియో కోర్టు వరకు పోవలసి వస్తే, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. కాబట్టి తీసిన ఫోను, అసలు ఫైలు భద్రపరచాలి. స్నేహితునికి పంపి, ఫోనులో చెరిపివేసిన వీడియోకు విలువ తగ్గుతుంది.

వర్ణన విషయంలో పిసినారితనమే మేలు. బాడీ నూలైతే నూలు అనే వ్రాయాలి. "ప్యూర్ సిల్క్ గద్వాల్" అని వ్రాస్తే వెదికేవారికి ఎక్కువగా కనపడవచ్చు. కాని ఆ ఒక్క మాటతో వాపసు హక్కు కొనేవారికి వర్తకుడే వ్రాసి ఇచ్చినట్లు. రంగు పగటి వెలుతురులో తీసిన ఫోటోతోనే చూపాలి.

కంపెనీతో పేచీ వస్తే వినియోగదారుల కమిషనుకు పోవచ్చునని కొందరు అనుకుంటారు. వ్యాపారం కొరకు సేవ తీసుకొన్న వర్తకుడు ఆ చట్టం దృష్టిలో సాధారణంగా వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బ్రతుకు తెరువు కొరకు మాత్రమే చేసేవారికి మినహాయింపు వున్నది. ఒప్పందంలో మధ్యవర్తిత్వం ఏ నగరంలో అని వ్రాసి వున్నదో కూడా చూడాలి. తొమ్మిదివేల చీర కొరకు ఆ నగరానికి రెండుసార్లు పోయి వస్తే చీర ఖరీదు దారిలోనే అయిపోతుంది.

పన్ను, సరిహద్దు

జి.ఎస్.టి. క్రింద ఆన్‌లైన్ కంపెనీ పన్ను మినహాయించి జమ కట్టే రేటు 2024 జులై 10 నుంచి అర శాతం. అంతకు ముందు ఒక శాతం వుండేది. ఇది వాపసులు పోను నికర అమ్మకంపై లెక్క. ఆదాయపు పన్ను మినహాయింపు 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. ఈ రెండూ తిరిగి సర్దుబాటయ్యేవే గనుక నష్టం కాదు. రిటర్నులు వేయనివారికి మాత్రం నష్టమే. వాపసుకు క్రెడిట్ నోటు వ్రాయటం మరవరాదు.

2023 అక్టోబరు 1 నుంచి జి.ఎస్.టి. నమోదు లేని చిన్న వర్తకులు కూడా పరిమితికి లోబడి ఆన్‌లైన్ అంగడిలో అమ్మవచ్చు. అయితే రాష్ట్రం లోపల మాత్రమే. తెలంగాణలో ఆ పరిమితి రూ. 20 లక్షలు. తుంగభద్ర అవతల కర్నూలు గద్వాల చీరకు పొరుగు ఊరే గాని, పన్ను లెక్కలో అది వేరే రాష్ట్రం. నమోదు లేకుండా అక్కడికి ఒక్క చీర కూడా ఈ పద్ధతిన పంపరాదు. బెంగుళూరు, చెన్నై గిరాకీ మీద ఆశ వున్నవారు ముందు నమోదు చూచుకోవాలి.

వాపసు చీరను పరీక్షించకుండా తిరిగి నిల్వలో కలపటం అన్నింటికన్నా ప్రమాదకరం. మారిపోయి వచ్చిన నకలు చీర అసలు చీరల దొంతిలో చేరి, మరుసటి గిరాకీకి పోతే, ఈసారి నకలు పంపినవాడు నిజంగానే ఆ వర్తకుడవుతాడు. ఆ ఫిర్యాదుకు వీడియో అడ్డం రాదు, బిల్లు అడ్డం రాదు. కంపెనీ గిడ్డంగిలో సరుకు వుంచి, అక్కడికే వాపసు వచ్చి, అక్కడి నుంచే తిరిగి పోయే పద్ధతిలో వర్తకుడు ఆ చీరను కళ్ళ చూడనే చూడడు. ఖరీదైన చీరలను ఆ పద్ధతిలో పెట్టకుండా, వాపసు తన చిరునామాకే రప్పించుకొనటం మంచిది.

అట్లా వచ్చిన పొట్లాన్ని కొరియరు మనిషి ఎదుటనే చూడాలి. సీలు చెదిరి వున్నా, బరువు తగ్గినా ఆ మాట రశీదుపై వ్రాయించిన తరువాతనే సంతకం చేయాలి. ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చే గడువు సాధారణంగా పొట్లం చేరినట్లు నమోదైన రోజు నుంచి లెక్క, విప్పిన రోజు నుంచి కాదు. కోడేరు వంటి చోట పొట్లం పక్క కొట్టులో ఇచ్చిపోవటం పరిపాటి. పెళ్ళికో జాతరకో పోయి, అయిదో రోజున వచ్చి పొట్లం విప్పిన వర్తకునికి గడువు అప్పటికే దాటిపోయి వుండవచ్చు. దుకాణం మూసి పోవలసి వస్తే, పొట్లం తీసుకొని తూచి, వీడియో తీసే మనిషిని ముందుగా చూచుకొని, ఆ మనిషి పేరు కొరియరు కార్యాలయంలో ఇచ్చి పోవలసి వుంటుంది.